మనుషుల లెక్క సరే, పని లెక్క ఎవరు చూస్తారు?

ప్రశ్న: అమ్మా, నేను వార్డు సచివాలయంలో పనిచేస్తున్నాను. రేషనలైజేషన్ (సిబ్బంది సర్దుబాటు) అయ్యాక మా దగ్గర మనుషులు తగ్గారు, పని తగ్గలేదు. ప్రభుత్వ ఆఫీసుల్లో సగం మందిని తీసేసినా ఏమీ ఆగదని మా బావగారి వాదన. ఆయనకు ఏం చెప్పాలి?
– ఒక ఉద్యోగి, గాజువాక

జవాబు: బాబూ, మీ బావగారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. నేను విశాఖలోనే ముప్ఫై ఏళ్లు చేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. ఒక ఆఫీసులో మా పక్క సెక్షన్లో నలుగురుండేవారు. నెలకు నలభై తపాళ్లు (ఆఫీసుకొచ్చే కాగితాలు) కూడా వచ్చేవి కావు. అదే హాల్లో పెన్షన్ సీటు చూసే ఆయన రిటైరైతే ఆ పోస్టు నింపలేదు. అప్పటికే రెండు సీట్లు చూస్తున్న నాకు ఇన్‌చార్జి ఇచ్చారు. చనిపోయిన అటెండరు భార్య ఫ్యామిలీ పెన్షన్ కోసం భీమిలి నుంచి బస్సెక్కి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ 'సోమవారం రండమ్మా' అని పంపింది నేనే. ఏడు నెలలు పట్టింది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

సూపరింటెండెంట్ అయ్యాక ప్రతి సీటు పర్సనల్ రిజిస్టరూ (వచ్చిన కాగితాలు రాసుకునే పుస్తకం) తెప్పించి, మూడు నెలల్లో ఎన్ని తపాళ్లు వచ్చాయి, ఎన్ని పెండింగో రాసుకున్నాను. అది చూపించి పక్క సెక్షన్ నుంచి ఇద్దరిని పెన్షన్ సీటుకు మార్పించాను. వాళ్లు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. పెండింగ్ మాత్రం ఆ ఏడాదే తీరింది. ఎవరినీ తీసేయలేదు, కొత్త పోస్టూ అడగలేదు.

సచివాలయాల్లో సర్దుబాటు చేయడం తప్పని నేననను. 2025లో ప్రభుత్వం ఒక్కో సచివాలయానికి జనాభా 2,500 లోపైతే ఆరుగురు, 3,500 వరకు ఏడుగురు, ఆపైన ఎనిమిది మంది అంది. నా అభ్యంతరం ఆ కొలత మీదే. జనాభా సమానమైనా పని సమానం కాదు. 2024 జూలై నుంచి పింఛను ఇంటికి తీసుకెళ్లి ఇస్తున్నది మీరే కదా. చదునుగా ఉన్న వీధిలో యాభై ఇళ్లు తిరగడం వేరు, కొండవాలు కాలనీలో మెట్లెక్కి యాభై గుమ్మాలు తొక్కడం వేరు. జూన్‌లో కుల, ఆదాయ సర్టిఫికెట్ల రద్దీ సరేసరి.

ఒక నెలపాటు మీ పనంతా తేదీలతో నోటుబుక్కులో రాయండి. పై అధికారులతో మాట్లాడేటప్పుడు అది చేతిలో ఉండాలి. బావగారికీ అదే చూపించండి. వీలైతే వచ్చే ఒకటో తారీఖు తెల్లవారుజామున ఆయన్నీ మీతో రమ్మనండి.