ఆ అడ్వాన్స్ ఇప్పుడే కట్టకండి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా అమ్మాయి రెండేళ్లు లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్నా నీట్‌లో మంచి ర్యాంకు రాలేదు. ఎలాగూ సీటు రాదు, కౌన్సెలింగ్‌కు దరఖాస్తు పెట్టడం అవసరమా? ప్రైవేటు కాలేజీలో బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటా, జార్జియాలో ఎంబీబీఎస్సా, మరో ఏడాది లాంగ్ టర్మా? ఈ వారంలోనే 2 లక్షలు అడ్వాన్స్ కట్టమని ఏజెంటు అంటున్నాడు. కావాలంటే రెండెకరాలు అమ్మేస్తాను. చిన్నవాడు తొమ్మిదిలో ఉన్నాడు, వాణ్ని ఇంటర్‌కి విజయవాడలో వేద్దామనుకుంటున్నాం.

జవాబు: ముందు ఆ 2 లక్షలు జేబులోనే ఉంచుకోండి. ఈ వారం దాటితే సీట్లుండవని వాళ్లు ప్రతి వారమూ చెబుతారు. విదేశాలకు వెళ్లేవారికి నీట్ అర్హత మూడేళ్లు చెల్లుతుంది. జార్జియా ఎక్కడికీ పోదు.

బ్రోషర్‌లో 'ఎన్‌ఎంసీ గుర్తింపు' (ఎన్‌ఎంసీ అంటే జాతీయ వైద్య కమిషన్) అని ఉంటే దాన్ని పక్కన పడేయండి. ఫలానా విదేశీ కాలేజీలను ఆమోదించామంటూ ఎన్‌ఎంసీ జాబితా ఏదీ ఇవ్వదు. 2021లో షరతులు మాత్రం పెట్టింది: చదువు 54 నెలలకు తగ్గకూడదు, ఇంగ్లిష్‌లోనే సాగాలి, అదే కాలేజీలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి, ఆ డిగ్రీతో ఆ దేశంలో ప్రాక్టీసు చేసే వీలుండాలి. తిరిగొచ్చాక, విదేశాల్లో చదివినవాళ్లకు పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష పాసై, ఇక్కడ ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్. వీటిలో ఒక్కటి తేడా వచ్చినా ఆరేళ్ల తర్వాత ఏడ్చేది మీరే. అప్పటికి ఏజెంటు ఫోన్ ఎత్తడు.

ఎఫ్‌ఎంజీఈలో 300 ప్రశ్నలకు 150 సరిగ్గా రాస్తే చాలు. అయినా ఐదుగురిలో ఒకరిద్దరికి మించి గట్టెక్కడం లేదు. నా దగ్గరికొచ్చిన ఆ పిల్లలు తెలివితక్కువవాళ్లేం కాదు. పాఠం ఇంగ్లిష్‌లో విన్నారు, వార్డులో రోగి మాత్రం జార్జియన్‌లో మూలుగుతాడు. 'నొప్పి ఎప్పటినుంచి?' అని అడగడం రానివాళ్లు మంచం పక్కన నిలబడి ఏం నేర్చుకుంటారు? మొదటి ఏడాదే అక్కడి భాష పట్టుకుని, చక్కగా చదివి వచ్చినవాళ్లూ నాకు తెలుసు. మిగతావాళ్లు హైదరాబాద్ హాస్టళ్లలో మళ్లీ కోచింగ్‌లో ఉన్నారు. అదీ లాంగ్ టర్మే కదండీ, ఆరేళ్లు ఆలస్యంగా.

బీ కేటగిరీకి ఏడాదికి 11 లక్షల పైమాటే, అక్కడా నీట్ ర్యాంకే చూస్తారు. రెండెకరాలు ఎన్నేళ్ల ఫీజుకొస్తాయో లెక్క మీకే తెలుసు. అసలు ఆ మాట అమ్మాయి ముందు అన్నారా? అనుంటే తప్పు చేశారు. ఇక పరీక్ష హాల్లో ఆ పిల్ల పక్క బెంచీలో ఆ రెండెకరాలూ కూర్చుంటాయి.

దరఖాస్తు అవసరమా అంటే, తప్పకుండా పెట్టండి. ఇక్కడి మెడికల్ సీట్లు భర్తీ చేసే కాళోజీ యూనివర్సిటీ నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తకుండా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, మీసేవలో ఈ ఏడాది తీసుకున్న ఆదాయ ధ్రువీకరణ ముందే సిద్ధం చేసుకోండి. టెన్త్ మెమోలో, నీట్ దరఖాస్తులో పేరు అక్షరం తేడా లేకుండా ఉందో చూడండి. వెబ్ ఆప్షన్లలో దూరమని ఏ కాలేజీనీ వదలొద్దు. జార్జియాలోని టిబిలిసికి పంపడానికి సిద్ధపడ్డవాళ్లకు ఆసిఫాబాద్ దూరమా? ఇదే ర్యాంకుతో ఆయుర్వేదం, హోమియోలకూ దరఖాస్తు పెట్టవచ్చు. చిన్నచూపు చూడకండి.

చిన్నవాణ్ని విజయవాడలో వేస్తానన్నారే, నన్ను జార్జియా కంటే అదే ఎక్కువ కంగారుపెట్టింది. ఇక్కడ మెడికల్ సీట్లలో లోకల్ కోటా కావాలంటే 9 నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ తెలంగాణలోనే చదవాలి. ఆ నిబంధనను 2025లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. విజయవాడ మనకు పక్కనే కావచ్చు, కౌన్సెలింగ్‌లో అది వేరే రాష్ట్రం.

మూడో లాంగ్ టర్మ్ సంగతి నేను చెప్పను, మీరూ చెప్పకండి. ఇంత రాశారు, అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. తనకు ఇరవై ఏళ్లు కూడా నిండి ఉండవు, కొంపలేం మునిగిపోలేదు. పది రోజులు ఇంట్లో నీట్ మాట ఎత్తకుండా కడుపునిండా తిననివ్వండి, నిద్రపోనివ్వండి. తర్వాత నాకు తననే రాయమనండి.