చక్రముని ఆకు రోజూ జ్యూస్ చేసుకుని తాగొచ్చా?

విజయవాడలో మేడ మీద కుండీలో చక్రముని అనే ఆకుకూర మొక్క పెంచుతున్నాం, సన్నబడటానికి పచ్చి ఆకు జ్యూస్ తాగొచ్చా అని అడిగారు. జ్యూస్ మాత్రం వద్దండి. 1990ల్లో తైవాన్‌లో సరిగ్గా ఇందుకే వారాల తరబడి ఈ పచ్చి రసం తాగిన చాలామందికి ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలు పూడుకుపోయాయి, మానేశాక కూడా ఆయాసం పోలేదు, కొందరు చనిపోయారు.

అలాగని మొక్క పీకి పారేయక్కర్లేదు. మలేషియా, ఇండోనేషియా వాళ్లు తరాలుగా లేత ఆకు వండుకునే తింటున్నారు, గుడ్డుతో వేయించుకోవడం మలేషియాలో మామూలే. మనం పెసరపప్పులో వేసుకుంటే సరి, చేదేమీ ఉండదు, ఉడికాక కాస్త పచ్చిబఠాణీ రుచి తగులుతుంది. ఎప్పుడైనా ఒకసారి చాలు. దీన్ని మల్టీవిటమిన్ మొక్క అని నర్సరీ వాళ్లు అంటారు కదా అని రోజూ వద్దు.

ఉసిరి కుటుంబమే ఇది. రెమ్మ తిప్పి చూస్తే నేల ఉసిరిలాగే ఆకుల కింద వరసగా చిన్న ఎర్రటి పూలు, తర్వాత ఎర్ర గొడుగులాంటి రేకుల కింద తెల్ల కాయలు వేలాడతాయి. అడవిలో చెట్ల నీడన పెరిగే పొద కాబట్టి మన మే నెల ఎండలో నేరుగా పెడితే మాడుతుంది, షేడ్ నెట్ కిందకి జరపండి. చిగుళ్లు తుంచుతుంటే గుబురుగా వస్తుంది, కొమ్మ గుచ్చినా బతుకుతుంది.