టెంటు బరువు తెలుసు, పాప బరువు తెలియదు

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. పాపకి అయిదేళ్లు నిండాయి. ఈ జూన్‌లో దాన్ని మొదటిసారి బ్యాక్‌ప్యాకింగ్‌కి (సామానంతా వీపున మోసుకుంటూ నడిచి వెళ్లి టెంటులో పడుకోవడం), యోసెమిటీ నేషనల్ పార్కులోని లిటిల్ యోసెమిటీ వ్యాలీకి, ఒక రాత్రి తీసుకెళ్దామనుకుంటున్నాను. పెళ్లికి ముందు నుంచీ నాకిది అలవాటే. కొత్త టెంటు కూడా కొన్నాను, 1,240 గ్రాములే. మా ఆవిడ ససేమిరా అంటోంది. చలిగాలి తగిలితే పాపకి పిల్లికూతలు వస్తాయట. ‘దాని సంగతి మీకేం తెలుసు?’ అంటుంది. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ కూడా కోడలి వైపే. మా ఆవిడని ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించకండి. మీరు అడగాల్సిన ప్రశ్న అది కాదు.

టెంటు బరువు గ్రాములతో సహా రాశారు. పాప బరువు రాయలేదు. పిల్లికూతలు ‘వస్తాయట’ అన్నారు. కన్నతండ్రి ‘అట’ అనాల్సిన చోటు కాదది. అర్ధరాత్రి పిల్లని ఒళ్లో పెట్టుకుని మందు ఆవిరి పట్టే నెబ్యులైజర్ పట్టుకు కూర్చున్న మనిషికి ఆ ఒక్క మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. మీ ఆవిడ భయం అడవి గురించి కాదు, మీ గురించి. ఈ అయిదేళ్లలో పాపతో మీరొక్కరే ఎన్ని రాత్రులు గడిపారు? అత్తాకోడళ్లిద్దరూ ఒకే మాట మీదున్నారంటే జవాబు నాకు తెలుస్తూనే ఉంది. పిల్ల పనుల్లో తండ్రి ‘సాయం’ చేయడమనే మాటే నాకు నచ్చదు. ఆ పనులు ఆయనవి కూడా.

ముందు చోటు మార్చండి. నడక మొదలయ్యే హ్యాపీ ఐల్స్ నుంచి మీరనుకున్న చోటికి దాదాపు 7 కిలోమీటర్లు, 2,000 అడుగుల ఎక్కుడు. మిస్ట్ ట్రైల్ అనే కాలిబాటలో వెళితే వెర్నల్ జలపాతం పక్కన ఆరువందలకు పైగా రాతిమెట్లు, జూన్‌లో తుంపరకి తడిసి జారుతుంటాయి. ఎలుగుబంట్ల వల్ల తిండంతా గట్టి డబ్బాలో పెట్టి మోయాలి. ఆ డబ్బా, టెంటు, రెండు స్లీపింగ్ బ్యాగులు మీ వీపు మీద ఉండగా, ‘ఇంక నడవను’ అని పిల్ల మెట్ల మధ్యలో కూలబడితే ఎలా ఎత్తుకుంటారు?

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన సముద్రతీరంలో ఉన్న పాయింట్ రేయిస్ పార్కులో కోస్ట్ కాంప్‌కి వెళ్లండి. లగూనా ట్రైల్ మీదుగా 1.8 మైళ్లు, అంటే 3 కిలోమీటర్లకి కొంచెం తక్కువ. మీరు ముప్పావుగంటలో నడిచే ఆ దూరం పాపతో రెండున్నర గంటలు పడుతుంది, అంతే పట్టనివ్వండి. అక్కడ మరుగుదొడ్డి ఉంది, రకూన్‌లనే చిన్న జంతువులు తిండి ఎత్తుకుపోకుండా ఇనప పెట్టె ఉంది, నాలుగడుగులు వేస్తే సముద్రం. మంచినీళ్లు మాత్రం కారు దగ్గర నుంచే ఇద్దరికీ సరిపడా మోసుకెళ్లండి. జూన్‌లో అక్కడ పొగమంచూ చలిగాలీ ఎక్కువ, పిల్లికూతలొచ్చే పిల్లకి మంచిది కాదు. సెప్టెంబరులో ఆకాశం తేటగా ఉంటుంది. కాకపోతే కార్చిచ్చుల పొగ వచ్చేదీ అప్పుడే. పొగ కమ్మిన రోజు ప్రయాణం మానేయండి.

సెప్టెంబరు దాకా ఉన్న వ్యవధి పాప సంగతి తెలుసుకోవడానికి. డాక్టర్ అపాయింట్‌మెంటు మీరే తీసుకోండి, మీరే తీసుకెళ్లండి, ఈ ప్రయాణానికి ఆయన సరేనంటేనే ముందుకెళ్లండి. ఇన్‌హేలర్ ఎన్ని పఫ్‌లు, ఎంత ఎడంతో, ఏ గుర్తు కనిపిస్తే ఆగకుండా అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలో కాగితం మీద రాయించుకోండి. ఇన్‌హేలర్‌కి తగిలించే స్పేసర్ గొట్టం మాస్కు పాప మొహానికి మీ చేత్తో పెట్టి డాక్టర్ ముందే చూపించండి. ఊపిరి తీసేటప్పుడు మెడ కింద గుంట, పక్కటెముకల సందులు లోపలికి లాగుతుంటే, మాట పూర్తి చేయలేకపోతుంటే అది మామూలు దగ్గు కాదు. ఇన్‌హేలర్ చల్లబడితే మందు సరిగ్గా రాదు. రాత్రి దాన్ని మీ స్లీపింగ్ బ్యాగులో, ఒంటికి దగ్గరగా ఉంచుకోండి. జ్వరం మందు మోతాదు కూడా బరువును బట్టే, అందుకే బరువు సంగతి ఎత్తాను.

వారానికి ఒక రాత్రి పాపకి అన్నం పెట్టడం, పళ్లు తోమించడం, పడుకోబెట్టడం మీ పని. మీ ఆవిడ ఆ రాత్రి ఇంకో గదిలో నిద్రపోవాలి, ‘ఏదీ, దాని దుప్పటెక్కడ?’ అని తలుపు కొట్టకూడదు. ఆగస్టులో ఒక రాత్రి పెరట్లో టెంటు వేసి పడుకోండి. మొదటిసారి ఏ పిల్లయినా చీకటికీ, జిప్పు చప్పుడుకీ బెదురుతుంది. తలకి కట్టుకునే దీపం దానికంటూ ఒకటి ఇవ్వండి, సగం భయం పోతుంది. పెద్దవాళ్ల స్లీపింగ్ బ్యాగే వాడితే కాళ్ల కింద మిగిలిన భాగాన్ని మడిచి తాడుతో కట్టేయండి. ఖాళీ చోటుని పిల్ల ఒంటి వేడి వెచ్చబరచలేదు, అందుకే పాదాలు చల్లబడి లేచి ఏడుస్తుంది. పడుకునే ముందు ఒంటి మీది బట్టలన్నీ మార్చండి. చెమటకి తడిసిన కాటన్ బనీను రాత్రంతా చలి పుట్టిస్తుంది. గుంట మరుగుదొడ్డి వాసనకి చాలామంది పిల్లలు బిగబట్టుకుంటారు, తెల్లారేసరికి పక్క తడుస్తుంది. పగటి వెలుగులోనే ఒకసారి కూర్చోబెట్టి అలవాటు చేయండి, రెండో జత పైజమా తీసుకెళ్లండి.

దాని సంచి కిలోన్నర మించకూడదు: విజిల్, చిన్న నీళ్ల సీసా, స్వెట్టరు, బొమ్మ. దారి తప్పితే కదలకుండా అక్కడే చెట్టు పట్టుకుని మూడుసార్లు విజిల్ వేయాలని ఇంట్లోనే ఆటలా నేర్పండి. బూట్లు కనీసం రెండు వారాలు వాడినవై ఉండాలి.

తిండికి మీ అమ్మగారి సలహా తీసుకోండి, ఆవిడ సంతోషిస్తారు. మధ్యాహ్నానికి పులిహోర. రాత్రికి ఒక కప్పు రవ్వ నేతిలో దోరగా వేయించి, జీడిపప్పు, ఉప్పు, కరివేపాకు పోపు కలిపి ఆరబెట్టి పట్టుకెళ్తే, కాంప్‌లో రెండున్నర కప్పుల మరిగే నీళ్లతో ఉప్మా సిద్ధం. కట్టెల మంట కాంప్‌లో నిషేధం, చిన్న గ్యాస్ స్టవ్ చాలు. దాన్ని టెంటులో మాత్రం వెలిగించకండి. స్టవ్ చుట్టూ కర్రతో పెద్ద గీత గీసి, లోపలికి పాప రాకూడదని చెప్పండి. ఇలాంటి చోట్ల పిల్లల విషయంలో భయపడాల్సింది జంతువులకే కాదు, ఒలికిన వేడినీళ్లకి కూడా.

ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకండి. ఆదివారం రెండింటికి కారు దగ్గర ఉంటాననీ, నాలుగు లోపల ఫోన్ చేస్తాననీ, ఆరు దాటితే పార్కు సిబ్బంది అయిన రేంజర్లకి ఫోన్ చేయమనీ, కాంప్ పేరు, కారు నంబరుతో రాసి మీ ఆవిడకివ్వండి. పిల్లికూత మొదలైతే, ఇన్‌హేలర్‌కి తగ్గినా సరే, ఎన్ని గంటలైనా సరే, టెంటు అక్కడే వదిలేసి పాపని ఎత్తుకుని కారు దగ్గరికి వచ్చేయండి. అంత దగ్గర చోటు చెప్పింది అందుకే.

ఇంటికి రాగానే పాపకి స్నానం మీరే చేయించండి. కాంప్ దారి పక్క గడ్డిలో పిడుదులు ఉంటాయి. చెవుల వెనక, జుట్టు కుదుళ్లలో, చంకల్లో, బొడ్డులో, మోకాళ్ల వెనక వేలితో తడిమి చూడాలి. దొరికితే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగాలి. అలసిపోయానని ఆ పని మీ ఆవిడకి అప్పజెప్పకండి.