అడిగి తీసుకున్న గంట

శ్రీకాకుళం

ప్రభువునందు ప్రియమైన చెల్లెమ్మకు,

వందనాలు. నీ ఉత్తరమూ, దానితో పంపిన రెండు కథలూ అందాయి. కథలు తీరిగ్గా చదివాను. వాటి సంగతి తరువాత చెబుతాను. ముందుగా, నీ ఉత్తరం చివర్లో చిన్న అక్షరాలతో ఇరికించి రాసిన మాటకు జవాబు చెప్పాలి. ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేసుకుని రాస్తున్నావనీ, ఎవరైనా లేచిన అలికిడి అయితే నోటుపుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టేస్తున్నావనీ, మర్నాడు ప్రార్థనలో మోకరించినప్పుడు అదే గుర్తుకొచ్చి మనసు కలుక్కుమంటోందనీ రాశావు. బహుశా నేను రాయడం దేవుడికి ఇష్టం లేదేమో అక్కా, అని అడిగావు.

నాకు అలా అనిపించడం లేదమ్మా. నిన్ను బాధిస్తున్నది ఆ నోటుపుస్తకాన్ని దాచడమే. పట్టుబడకూడనిదాన్ని చేస్తున్నట్టు రోజూ చేస్తూ ఉంటే, ఎంత మంచి పనైనా కొన్నాళ్లకు తప్పు పనిలాగే తోస్తుంది. కాబట్టి నీకు నేను చెప్పగలిగిన మొదటి మాటా, ముఖ్యమైన మాటా ఒకటే: రాసుకునే సమయాన్ని ఇంట్లో అడిగి తీసుకో. అందరికీ తెలిసేటట్టు, పట్టపగలు కూర్చుని రాయి.

అడగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. "నాకు కొంచెం టైము కావాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆ కొంచెం ఎంతో తెలియక ఇంట్లోవాళ్లు ముందే కాదంటారు. మరిదిగారు డ్యూటీ దిగి వచ్చి, అన్నం తిని, స్థిమితంగా ఉన్నప్పుడు, మీ అత్తగారు కూడా దగ్గర ఉండగా, విషయం పూర్తిగా చెప్పు. సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక పిల్లలు చదువుకునే గంట నేను కూడా బల్ల దగ్గర కూర్చుని కథ రాసుకుంటాను, ఆ గంటలో వాళ్లకు ఏదైనా కావలసి వస్తే మీరు చూడండి, ఈ కథ ఫలానా పత్రికకు పంపుదామనుకుంటున్నాను అని, ఎంతసేపో, ఎందుకో, వాళ్లు చేయవలసిన సాయమేమిటో విడమరచి అడుగు. ఇచ్చిన గంట దాటిపోకుండా లేచి రావడం నీ వంతు. వారం రోజులు నువ్వు మాట మీద నిలబడితే, ఎనిమిదో రోజున ఎవరో ఒకరు వాళ్లంతట వాళ్లే "ఇవాళ కూర్చోలేదేం?" అని అడుగుతారు.

మా అత్తగారికి చదువు రాదు. నేను బడి నుంచి వచ్చి, పని తెమిలాక అరుగు మీద కూర్చుని రాస్తూ ఉంటే మొదట్లో ఆవిడ చాటలో బియ్యం చెరుగుతూ నన్ను అదోలా చూసేవారు. ఒకరోజు రాసినంత మట్టుకు ఆవిడకు చదివి వినిపించాను. చెరగడం ఆపి విన్నారు. మర్నాడు నేను కూర్చోగానే, "ఆ గుంట అత్తోరింటి నుంచి వొచ్చేసింది గదా, తరవాతేటయ్యింది?" అని అడిగారు. నాకు దొరికిన మొదటి పాఠకురాలు ఆవిడే. అక్కడినుంచి నేను రాసుకునే వేళకు పిల్లలు అల్లరి చేస్తే ఆవిడే కేకలేసి వీధిలోకి పంపేవారు. నీ విషయంలో ఇలాగే జరుగుతుందని చెప్పలేను గానీ, దాచిపెట్టిన కాగితాలకు ఇలాంటి మనిషి ఎప్పటికీ దొరకదని మాత్రం గట్టిగా చెప్పగలను.

కొన్ని రోజులు ఆ గంట దొరకదు. పిల్లలకు జ్వరం, పరీక్షలు, ఆడపడుచు పురుడు, ఇవన్నీ వస్తాయి. ఇక డిసెంబరు నెల సంగతి నీకు తెలియనిది కాదు. సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్, మందిరానికి సున్నాలు, పిల్లల నాటికలు, చివరికి ముప్పై ఒకటో తేదీ రాత్రి ఆరాధన దాకా ఊపిరి సలపదు. ఆ నెలను రాతకు లెక్కపెట్టుకోకు. అయితే సండే స్కూలు పిల్లలకు క్రిస్మస్ నాటిక రాసిపెట్టమని అడిగితే మాత్రం సంతోషంగా ఒప్పుకో. గొల్లవాడి వేషం వేసిన ఎనిమిదేళ్ల పిల్లాడు ఒక్క ఊపిరిలో పలకలేని వాక్యం ఏదో, వెనక వరసలో కూర్చున్న ముసలమ్మకు అందని మాట ఏదో రిహార్సల్లోనే తెలిసిపోతుంది. సంభాషణ రాయడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి నాకు తెలియదు.

సంఘం పనుల గురించి ఒక మాట. స్త్రీల సమాజం, ఉపవాస కూడిక, గృహ కూడికలు, సండే స్కూలు, వీటన్నిటికీ పిలిస్తే పలికే ఆడవాళ్లు ఏ సంఘంలోనైనా కొద్దిమందే ఉంటారు, అందులో నువ్వొకతెవు. వాటిలో ఏది నీవల్ల అవుతుందో, ఏది కాదో పాస్టరు గారితో, పాస్టరమ్మ గారితో నేరుగా చెప్పు. ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో కూర్చుని రాయడం వద్దు. కథ రాయడం కూడా పరిచర్యే కదా అని చెప్పి తప్పుకోవడం కూడా నాకు నచ్చదు. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు. కుట్టు సరిగ్గా ఉండాలి, వాన కారకూడదు, అంతే. దానికి వేరే పేరు పెట్టుకోలేదు. మన కారా మాస్టారు, కాళీపట్నం రామారావు గారు, విశాఖలో పాఠాలు చెప్పుకుంటూనే కథలు రాశారు. ఆయన రాసినవి రాశిలో తక్కువే. తక్కువ రాస్తే వెనకబడిపోతామన్న భయం నీ ఉత్తరంలో అక్కడక్కడా కనబడింది కాబట్టి ఆ మాట గుర్తు చేస్తున్నాను.

మీ సంఘంలో ఒక పెద్దాయన "కథలంటే అబద్ధాలే గదమ్మా" అన్నారని రాశావు. ఆయన్ను నొప్పించకుండా సమూయేలు రెండవ గ్రంథం పన్నెండో అధ్యాయం చదవమని అడుగు. దావీదు చేసిన పాపాన్ని నాతాను ప్రవక్త వచ్చీరాగానే ఎత్తి చూపలేదు. ధనవంతుడూ, బీదవాడూ, బీదవాడు కూతురిలా పెంచుకున్న ఆడగొర్రెపిల్లా అని ఒక కథ చెప్పాడు. ఆ గొర్రెపిల్ల ఏ దొడ్లోనూ లేదు. అయినా ఆ కథ విని రాజు మండిపడి, తన తీర్పు తానే చెప్పుకున్నాడు. మన ప్రభువు ఉపమానాల సంగతి సరేసరి.

ఇప్పుడు నీ కథల దగ్గరకు వస్తాను. రెండింటిలోనూ చివరి పేజీలో ఎవరో ఒకరు బైబిలు తెరిచి వాక్యం చదవడం, తక్కినవాళ్లు కన్నీళ్లు పెట్టుకుని మారిపోవడం జరిగింది. అది నీ విశ్వాసం లోంచి వచ్చిందని నాకు తెలుసు, దాన్ని తేలిక చేయను. కానీ ఎస్తేరు గ్రంథం పదధ్యాయాలూ ఒకసారి చదువు, అందులో దేవుని పేరు ఎక్కడా రాదు. అయినా ఆ గ్రంథంలో దేవుడు లేడని ఏ విశ్వాసీ అనడు. తప్పిపోయిన కుమారుడి ఉపమానమైతే తండ్రి పెద్దకొడుకుతో చెప్పిన మాటతో ఆగిపోతుంది. పెద్దకొడుకు విందులోకి వెళ్లాడో, పొలంలోకి తిరిగి వెళ్లిపోయాడో ప్రభువు చెప్పలేదు. చదివేవాడు తేల్చుకోవలసిందాన్ని నువ్వు తేల్చి చేతిలో పెట్టకు.

రెండో కథలో చెన్నైలో భవన నిర్మాణం పనికి పోయిన కొడుకు రెండేళ్ల తరువాత ఇంటికి వస్తాడు. అక్కడిదాకా ఎంతో బాగుంది. రైలు దిగి, గోనెసంచి భుజాన వేసుకుని ఊరి చెరువుగట్టు మీద నడిచి రావడం కళ్లకు కట్టింది. తీరా తల్లి గుమ్మంలోకి వచ్చి, "నా కుమారుడా, నీవు వచ్చితివా, దేవునికి స్తోత్రము" అంటుంది. మనం చిన్నప్పటి నుంచి వింటున్న బైబిలు భాష అది, నాకూ ప్రాణమే. కానీ చీపురుపల్లి పక్క పల్లెలో ఏ తల్లీ కొడుకుతో అలా మాట్లాడదు. "ఏట్రా, ఇలా సిక్కిపోనావు? కాళ్లు కడుక్కో, కూడెడతాను" అంటుంది. స్తోత్రం ఆ కూడు పెట్టడంలో ఉంది. విజయనగరంలో కూర్చుని గురజాడ వారు వాడుక భాషలో రాసిన నాటకం 1892లోనే రంగం మీదికి ఎక్కింది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు వారు మన శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఈ నేల మీద పుట్టి, మన ఇళ్లలో మాట్లాడే మాట రాయడానికి నువ్వు వెనకాడనక్కరలేదు.

క్రైస్తవ రచయిత్రి అనిపించుకుంటే బయటి పత్రికలు వేసుకోవేమో, వేసుకునేలా రాస్తే సంఘం కాదంటుందేమో అని కూడా అడిగావు. జాషువా గారిని చూడు. 'గబ్బిలం'లో అంటరానివాడి మొర కాశీలోని శివుడి దగ్గరకు పంపించిన కవే 'క్రీస్తు చరిత్ర' రాశారు, దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయనకు రెండు వైపుల నుంచీ మాటలు పడ్డాయి. పద్యం నిలబడింది.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసిన చోటికి వస్తున్నాను, ఈ మాటలు దయచేసి నిదానంగా చదువు. చిన్న ఊళ్లో యాభై అరవై కుటుంబాల సంఘంలో ఎవరింట్లో ఏం జరిగినా అందరికీ తెలుస్తుంది. ఉపవాస కూడికలో ఒక చెల్లి లేచి, భర్త తాగివచ్చి కొడుతున్నాడు, ప్రార్థించండి అని ఏడుస్తుంది. ఆ మాట దేవుడికి చెప్పుకోవడానికి వచ్చింది, నీ కథలోకి రావడానికి కాదు. పేరు మార్చినా, ఊరు మార్చినా, ఆమె చీర రంగూ, పిల్లల సంఖ్యా అలాగే ఉంటే ఆదివారం నాడు వరసగా కూర్చున్న అందరూ గుర్తుపడతారు. రేపటి నుంచి ఆమె కూడికలో నోరు విప్పదు. అలాంటి బాధ గురించి రాయక తప్పదనిపిస్తే ఏళ్లు గడవనీ. పది ఇళ్లలో చూసినదాన్ని కలిపి, ఏ ఒక్కరిదీ కాని మనిషిని తయారు చేసుకో. ఒక్కరి కథే చెప్పాలనుకుంటే వెళ్లి ఆమెనే అడుగు. ఆమె వద్దంటే వద్దు.

బాప్తిస్మం విషయం ఇంకా సున్నితమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకూ, తరువాత చేర్చిన సిక్కులకూ, బౌద్ధులకూ తప్ప ఇతర మతాల్లో ఉన్న దళితులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను వెనకబడిన తరగతుల్లోని సీ విభాగంలో, అంటే బీసీ-సీలో, లెక్కిస్తారు. అది న్యాయమా కాదా అన్న వాదన వేరు. నాకైతే అన్యాయంగానే తోస్తుంది, దాని మీద నువ్వు కథ రాస్తే మెచ్చుకుంటాను కూడా. కానీ ఫలానా ఇంటి అమ్మాయి ఫలానా చెరువులో బాప్తిస్మం పొందిందని గుర్తుపట్టేలా నీ కథలో పడితే, అది ఆ పిల్ల చదువుకో ఉద్యోగానికో అడ్డుపడవచ్చు. దాన్ని బయటపెట్టే అధికారం నీకు లేదు.

అలాగని సంఘంలో ఉన్న తప్పులన్నీ కప్పిపెట్టమని అర్థం చేసుకోకు. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నవాళ్లే పెళ్లి సంబంధాలు వచ్చేసరికి కులం అడుగుతున్నారు. అది ఏ ఒక్కరి రహస్యమూ కాదు, మనందరి పాపం. రాయి, భయపడకు. అయితే నీకు ఒకరితో సొంత తగువు ఉంటే, మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో చెప్పినట్టు ముందు ఒంటరిగా వెళ్లి ముఖాముఖి మాట్లాడు. మాట్లాడలేక రాసిన కథలో కోపం తప్ప మనిషి కనబడడు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. పత్రికకు పంపేటప్పుడు కథ నీ సొంతమనీ, అనువాదం, అనుకరణ కాదనీ, ఎక్కడా ప్రచురణ కాలేదనీ, వేరే పత్రిక పరిశీలనలో లేదనీ హామీ రాసి సంతకం చేయాలి. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం ఉండకూడదు, ఒకే కథను రెండు చోట్లకు పంపకు. కథ నకలు ఒకటి నీ దగ్గర ఉంచుకో. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే కథ నీది, నీ తరువాత అరవై ఏళ్ల దాకా నీ వారసులది. పారితోషికం వస్తుంది, కొన్నిసార్లు రాదు. దాని మీద ఇల్లు నడుస్తుందని ఇంట్లో ఆశ పెట్టవద్దు. పుస్తకం వేయిస్తామని డబ్బు అడిగేవాళ్లు వస్తారు. కథలు పదిహేనో ఇరవయ్యో అయ్యేదాకా ఆ ఊసే ఎత్తకు, అయ్యాక కూడా గాజులు తాకట్టు పెట్టి వేయించకు. ఐఎస్‌బీఎన్ కోసం ఎవరైనా సొమ్ము అడిగితే, దాన్ని ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుందని చెప్పు.

మొదటి కథను ప్రస్తుతానికి పక్కన పెట్టు. చెన్నై కొడుకు కథలో చివరి పేజీ తీసేసి, తల్లి మాటలు మళ్లీ రాసి పంపు, తొందరేమీ లేదు. పిల్లల పరీక్షలయ్యాక ఒక శనివారం మరిదిగారితో కలిసి రండి. చీపురుపల్లిలో రైలెక్కితే ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగవచ్చు, మావాళ్లు ఎవరైనా అక్కడికి వచ్చి తీసుకొస్తారు. కారా మాస్టారు 1997లో మొదలుపెట్టిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయానికి తీసుకెళ్తాను. నీకంటే ముందు ఈ పని చేసినవాళ్ల కథలు అరల నిండా ఉంటాయి, పిల్లలతో సహా కూర్చుని చూడవచ్చు.

మీ అత్తగారికీ, మరిదిగారికీ నా వందనాలు. ఈ ఉత్తరం ముందు వాళ్లిద్దరికీ చదివి వినిపించు, ఆ తరువాత జవాబు రాయి.

ప్రభువునందు
నీ అక్క