డెల్టా రోడ్ల మీద తిరిగే కారుకి ఎలాంటి ఎయిర్ ఫిల్టర్ పెట్టించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండి. 1.2 లీటర్ పెట్రోల్ కారు, టర్బో లేదు. రోజూ అమలాపురం నుంచి రావులపాలెం వెళ్లి రావాలి. పికప్ చాలట్లేదని కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, అంటే ఇంజిన్‌కి బయటి చల్లగాలి అందించే పైపు, ఫిల్టర్ సెట్టు పెట్టిద్దామనుకుంటున్నారు. ఒక షాపులో బంపర్ కిందికి దిగే పొడుగు పైపు పెట్టమన్నారు, ఇంకో షాపులో బానెట్ లోపలే బాక్సు లేకుండా శంకువు ఆకారంలో ఉండే కోన్ ఫిల్టర్ చాలన్నారు. రెండింట్లో ఏది తీసుకోవాలి?

రెండూ వద్దనే చెప్తాను. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ బాక్సుని కదపకండి. అందులో సరిగ్గా కూర్చునే మంచి ఫిల్టర్ వేసి, మన పంటల లెక్కన మారుస్తూ ఉండండి. కోన్ ఫిల్టర్ నేను వాడాను, బంపర్ కింద పైపు మా బావ వాడాడు. రెండూ ఎక్కడ తేలాయో చూశాక చెప్తున్న మాట ఇది.

నాది 2013 మోడల్ టర్బో డీజిల్. 2017లో కోన్ ఫిల్టర్ పెట్టించాను. మొదటి రోజు జొన్నాడ వంతెన మీద యాక్సిలరేటర్ తొక్కితే గాలి పీల్చే హోరు, టర్బో ఈల నేరుగా చెవిన పడ్డాయి. బండి పరుగే మారిపోయిందనుకున్నాను. ఆ శబ్దం నాకిప్పటికీ ఇష్టమే, ఆ సరదా ఉన్నవాళ్లని తప్పుపట్టను. కానీ కారు సెన్సర్ల రీడింగులు చూపించే బ్లూటూత్ ఓబీడీ పరికరం కొని సెల్‌ఫోన్‌లో అంకెలు చూశాక విషయం తెలిసింది. మే నెల మధ్యాహ్నం రావులపాలెం సెంటర్లో ట్రాఫిక్‌లో ఆగితే లోపలికి వెళ్లే గాలి 64 డిగ్రీలు చూపించింది. తర్వాత పాత బాక్సు బిగించాక అలాంటి ఎండలోనే, అదే సెంటర్లో 46 దాటలేదు. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 45 డిగ్రీల గాలి 65కి చేరితే సాంద్రత దాదాపు 6 శాతం తగ్గుతుంది, ఇంజిన్‌కి అందే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది. బానెట్ లోపల ఏ అడ్డూ లేకుండా కూర్చున్న కోన్ ఫిల్టర్ రేడియేటర్ వదిలిన వేడిగాలినే పీలుస్తుంది. హైవే వేగంలో ఈ తేడా బాగా తగ్గుతుంది, నిజమే. మీ దారిలో గేదెలు, ట్రాక్టర్లు, కాలవ గట్టు మలుపులు పోను అలాంటి వేగం దొరికేది ఎంతసేపు?

వేడి సంగతి చిన్నది. నన్ను దెబ్బతీసింది దుమ్ము. సార్వా (వానాకాలం పంట) కోతలప్పుడు మన రోడ్లు మీకు తెలుసు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోతలు, పక్క చేలో కోత మిషన్ తిరుగుతుంటే గాల్లో తాలు, గడ్డి నలుసులు. మిల్లుల దగ్గరికొస్తే ఊక బూడిద. ఈ బూడిదని తేలిగ్గా తీసుకోకండి. చూడటానికి మసిలా మెత్తగా ఉంటుంది కానీ అందులో అత్యధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. సిలిండర్‌లోకి వెళ్తే రింగుల్ని గరుకు కాగితంతో రుద్దినట్టే.

ఆ జనవరిలో పికప్ పడిపోయి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కొత్తపేటలో మా మెకానిక్ ఫిల్టర్ వెనకున్న గాలి సెన్సర్‌ని, అదే మాఫ్ సెన్సర్‌ని, రెండు స్క్రూలు విప్పి బయటికి తీసి లైటు వేసి చూపించాడు. వచ్చే గాలిని కొలిచే ఆ చిన్న ముక్క మీద జిడ్డు పొర, ఆ జిడ్డుకి పిండి చల్లినట్టు బూడిద రంగు దుమ్ము. కాటన్ ఫిల్టర్‌కి నూనె పట్టించాలి కదా, అది నేనే పట్టించాను. ఎక్కువ పోస్తే ఎక్కువ దుమ్ము ఆపుతుందనుకుని పోశాను, మిగిలిన నూనె గాలితో పాటు లోపలికి వెళ్లింది. తర్వాత ఆయన పైపు లోపల చూపుడు వేలు పెట్టి ఒక చుట్టు తుడిచాడు. ఫిల్టర్ దాటిన తర్వాత ఉండే పైపు అది, అక్కడ శుభ్రంగా ఉండాలి. వేలి కొన మీద నల్లటి మరక. బొటనవేలితో కలిపి నలిపితే గరగరమంది. కోన్ మూతి దగ్గర క్లాంప్ ఒక పక్క వదులై సన్నటి సందు ఉంది, దుమ్ము అక్కడి నుంచి వెళ్తోంది. "ఇదంతా ఇంజిన్ తింటోందండి" అన్నాడు. సెన్సర్ క్లీనర్ స్ప్రే కొట్టాక లైటు ఆరిపోయింది. ఆ వారమే అటక మీదున్న పాత బాక్సు దించి బిగించాను.

మీ పెట్రోల్ కారులో ఈ మాఫ్ సెన్సర్ ఉండకపోవచ్చు. చిన్న పెట్రోల్ కార్లు చాలావరకు మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే పైపులో, ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్‌తో నడుస్తాయి. మీది అదే అయితే నూనె బెడద తక్కువ. దుమ్ము బెడద మాత్రం అంతే.

కంపెనీ బాక్సు ఇంజిన్‌కి ఊపిరాడనివ్వదని షాపుల్లో గట్టిగా చెప్తారు. ఆ మాట నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. 1.2 లీటర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి 1.2 లీటర్ల గాలి పీలుస్తుంది. 6000 ఆర్‌పీఎంలో నిమిషానికి సుమారు 3600 లీటర్లు. బాక్సునీ ఫిల్టర్‌నీ ఆ గరిష్ఠ అవసరాన్ని చూసుకునే తయారు చేస్తారు. మీరు రోజూ నడిపేది 2000, 2500లో, అదీ సగం యాక్సిలరేటర్ మీద. అప్పుడు గాలిని ఆపుతున్నది యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ వాల్వ్. దాన్ని కావాలనే సగం మూసి ఉంచారు మీరు. దానికి ముందు ఎంత ఖరీదైన ఫిల్టర్ ఉన్నా అక్కడ ఒరిగేదేమీ లేదు.

ఇంకా అనుమానంగా ఉంటే ఓబీడీ పరికరం పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి మ్యాప్ రీడింగ్ చూడండి. మనం సముద్ర మట్టానికి దగ్గర కాబట్టి 100, 101 కిలోపాస్కల్స్ చూపిస్తుంది. తర్వాత హైవే మీద ఖాళీ చూసుకుని రెండో గేరులో పూర్తిగా తొక్కి, ఆర్‌పీఎం పైకి వెళ్లినప్పుడు పక్కన కూర్చున్నవాళ్లని రీడింగ్ చూడమనండి. 97, 98 వస్తే బాక్సు, ఫిల్టర్, పైపు, థ్రాటిల్ అన్నీ కలిసి ఆపుతున్నది మూడు శాతమే. ఫిల్టర్ మొత్తం పీకేసినా అంతకు మించి రాదు. 90 దగ్గర ఆగితే మాత్రం ఎక్కడో అడ్డం ఉంది, ముందు ఫిల్టర్ విప్పి చూడండి. పికప్ సంగతికొస్తే, స్పార్క్ ప్లగ్‌లు, థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి, టైర్లలో గాలి, క్లచ్ చూపించండి. మీరు ఇన్‌టేక్‌కి పెట్టబోయే డబ్బులో కొంతతోనే ఇవన్నీ అయిపోతాయి.

బంపర్ కింద పైపు విషయంలో మాత్రం బతిమాలి చెప్తున్నాను, మన ప్రాంతంలో వద్దండి. 2022 జులై వరద గుర్తుంది కదా. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో హెచ్చరిక ఇస్తారు, ఆ ఏడు అది దాటి ఇంకా పైకి పోయింది. వరద తీశాక మా బావ నది మధ్య లంకలో అత్తవారింటికి బయల్దేరాడు. కాజ్‌వే మీద ఇంకా మోకాలి కిందికి నీళ్లున్నాయి. ముందు రెండు కార్లు వెళ్లాయి కదా అని తనూ దించాడు. అసలు దించడమే తప్పు. కానీ ఆ రెండు కార్లూ ఒడ్డెక్కాయి, ఇది సగంలో దడేలుమని ఆగిపోయింది. బావ కారుకి గాలి పీల్చే ముక్కు ఫాగ్ లైటు వెనక, నేలకి జానా బెత్తెడు ఎత్తులో ఉంది. నీళ్లలో కారు వెళ్తుంటే ముందు అల లేస్తుంది, ఆ అల నేరుగా ఫిల్టర్‌లోకి పోయింది. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. పిస్టన్ పైకొచ్చి నీళ్లని కొట్టుకుంటే వంగేది కనెక్టింగ్ రాడ్. కంగారులో బావ ఇంకో రెండుసార్లు సెల్ఫ్ కొట్టాడు, "టక్"మని ఆగిపోయింది తప్ప తిరగలేదు. ఇంజిన్ దించాల్సి వచ్చింది, ఖర్చు లక్ష దాటింది. ఇన్సూరెన్స్‌లో ఇలాంటి ఇంజిన్ నష్టానికి డబ్బిచ్చే ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకోలేదు కాబట్టి అంతా చేతి డబ్బే. మీ పాలసీలో అది ఉందో లేదో ఈరోజే చూసుకోండి. ఒకవేళ ఎప్పుడైనా నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, తోయించి ఒడ్డుకి చేర్చి ఫిల్టర్ తడిసిందో లేదో చూడండి.

ఇప్పుడు మీ కారు బానెట్ ఎత్తి చూడండి. కంపెనీ ముక్కు హెడ్‌లైట్ వెనకో, రేడియేటర్ పైనో, బాగా ఎత్తులో ఉంటుంది. బయటి గాలి అందాలి, నీళ్లు అందకూడదు. రెండూ లెక్క చూసే అక్కడ పెట్టారు. అంటే మీరు కొనబోయే చల్లగాలి చాలావరకు మీ దగ్గర ఇప్పటికే ఉంది.

ఇక బాక్సులో ఏ ఫిల్టర్ అంటారా, నేను కాగితం ఫిల్టరే వాడుతున్నాను. సన్నటి దుమ్మును బాగా ఆపుతుంది, చిన్న పెట్రోల్ కార్లకి 300, 400 రూపాయల్లో దొరుకుతుంది. కడిగి వాడుకునే కాటన్ ఫిల్టర్లలో కే అండ్ ఎన్ లాంటి పేరున్నవి ఉన్నాయి, కంపెనీ బాక్సులోనే కూర్చునే రకం తీసుకోవచ్చు. వేలల్లో అవుతుంది, కడిగే కిట్ వేరే. కడిగాక నీడన పూర్తిగా ఆరాలి, ఎండలోనో కంప్రెసర్ గాలితోనో ఆరబెట్టకూడదు. నూనె మడత మడతకీ పల్చగా, సమంగా పట్టాలి. ఇంత ఓపిక ఉన్నవాళ్లు దాన్ని వాడుకోవచ్చు, ఏడాదికి ముప్పై, నలభై వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి కొన్నేళ్లలో గిట్టుతుంది కూడా. పవర్ కోసమైతే కొనకండి. కొంటే పెద్ద డీలర్ దగ్గర బిల్లుతో కొనండి, నకిలీలు బాగా తిరుగుతున్నాయి. కాగితం వాటిలోనూ నకిలీలున్నాయి. మడతలు సమంగా ఉన్నాయా, చుట్టూ రబ్బరు అంచు మెత్తగా, ఎక్కడా తెగకుండా ఉందా అని వేలితో తడిమి చూడండి. బ్రాండ్ కన్నా నాకు ఆ అంచే ముఖ్యం.

సర్వీసుకి ఇచ్చినప్పుడు కంప్రెసర్ గాలి కొట్టి అదే ఫిల్టర్ పెట్టేస్తారు. దగ్గరగా, గట్టిగా కొడితే కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి. నేను పాతది చేతికిచ్చేయమని అడిగి కొత్తది వేయిస్తాను. కిలోమీటర్ల లెక్క ఎలా ఉన్నా ఏడాదికి రెండుసార్లు, సార్వా కోతలయ్యాక ఒకటి, దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఒకటి. వానాకాలంలో మధ్యలో ఒకసారి మూత తీసి చూడండి. నిరుడు మా బాక్సులో ఎలుక కొబ్బరి పీచు తెచ్చి చక్కగా గూడు కట్టింది, ఫిల్టర్ ఒక మూల కొరికేసింది కూడా. కొబ్బరితోటలో కారు పెట్టుకునేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

వారంటీలో ఉన్న కారైతే ఇంకో మాట. బాక్సు తీసేసి పైపులు మారిస్తే, రేపు ఇంజిన్‌కి ఏమొచ్చినా దాని మీదికి నెట్టడానికి వాళ్లకి అవకాశం ఇచ్చినట్టే. బాక్సులో ఫిల్టర్ మారిస్తే అంత పేచీ రాదు.

కొత్త ఫిల్టర్ వేశాక చిన్న పరీక్ష ఒకటి చేయండి. ఫిల్టర్ దాటిన తర్వాతి పైపు లోపల శుభ్రంగా తుడిచి, తెల్ల గ్రీజు చిటికెడు తీసుకుని రూపాయి బిళ్లంత మేర పల్చగా రాయండి. క్లిప్పులన్నీ పడ్డాయో లేదో చూసి బిగించేయండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక విప్పి తెల్ల గుడ్డతో తుడవండి. గ్రీజు తెల్లగా వస్తే మీ బాక్సు బాగా పని చేస్తున్నట్టే, కోతల సీజన్‌లో ఇంకోసారి చూడండి. నల్లగానో, గరగరగానో వస్తే ఫిల్టర్‌ని అనుమానించే ముందు బాక్సు మూత అంచు, క్లాంపులు, పైపు మడతల్లో పగుళ్లు ఒక్కొక్కటే వెతకండి.