యుద్ధంలో మరణించిన యువ చిత్రకారుడు ఆగస్ట్ మాకె ఎవరు?

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాల చూసివచ్చి, ఇంత చిన్న వయసులో పోయిన చిత్రకారులు ఇంకెవరైనా ఉన్నారా అని మీరు అడిగారు. నాకు వెంటనే తోచే పేరు జర్మన్ చిత్రకారుడు ఆగస్ట్ మాకె. మన గోదావరి ఒడ్డున పుట్టిన రామారావును 1925లో మశూచి బలిగొంటే, 1887లో పుట్టిన మాకెను మొదటి ప్రపంచ యుద్ధం బలిగొన్నది. ఇద్దరికీ 28 ఏళ్లు నిండలేదు.

1914 ఏప్రిల్‌లో మిత్రుడు పాల్ క్లే తదితరులతో ట్యునీషియా వెళ్లిన మాకె, రెండు వారాల్లోనే పదులకొద్దీ నీటిరంగుల చిత్రాలు వేశాడు. వాటిలో ఎండకు మెరిసే గోడలు, గుమ్మటాలు, గాడిదలు, అన్నీ బండారులంక నేతచీర గళ్లలా (పోలిక నాదే) చిన్న చిన్న రంగు ముక్కలుగా పక్కపక్కనే అమరి ఉంటాయి. ఆగస్టులో సైన్యం నుంచి పిలుపు వచ్చింది. ఆఖరి చిత్రం ‘వీడ్కోలు’లో ఆ వెలుగు లేదు, మసక వీధిలో ముఖకవళికలు తెలియని మనుషులు ఊరక నిలబడి ఉంటారు. సెప్టెంబర్ 26న ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో అతడు నేలకొరిగాడు. అతనికి నివాళి రాసిన మిత్రుడు, చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ కూడా 1916లో వెర్డన్ వద్ద యుద్ధంలోనే మరణించాడు.