ఎక్కడికో వెళ్లిపోయిన నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 1 సిగ్నల్ అంత దూరం నుంచి మనకెలా అందుతోంది?
దాని ట్రాన్స్‌మిటర్ పవర్ సుమారు 23 వాట్లే, ఫ్రిజ్‌లో వెలిగే బల్బంత, కానీ 3.7 మీటర్ల డిష్ ఆ కాస్త శక్తినీ నాలుగు వైపులా చెదిరిపోనివ్వకుండా సన్నని ధారలా భూమి వైపే పంపుతుంది. అయినా ఇక్కడికి చేరేసరికి బాగా పలచబడి దాదాపు ఏమీ మిగలదు. అందుకే గోల్డ్‌స్టోన్ (అమెరికా), మాడ్రిడ్ (స్పెయిన్), కాన్‌బెర్రా (ఆస్ట్రేలియా)ల్లో నాసాకు 70 మీటర్ల యాంటెనాలున్నాయి (వాయేజర్ 2 దక్షిణం వైపు వెళ్లిపోయింది కాబట్టి పాపం దానికి కాన్‌బెర్రానే దిక్కు). రిసీవర్ ముందు భాగాన్ని విపరీతంగా చల్లబరుస్తారు, లేకపోతే దాని సొంత వేడి పుట్టించే రొదలోనే సిగ్నల్ మునిగిపోతుంది. స్పీడంటారా? మామూలుగా సెకనుకు 160 బిట్లు. ఇక ఇక్కడి నుంచి కమాండ్ పంపితే జవాబు కోసం దాదాపు రెండు రోజులు ఆగాల్సిందే, మధ్యలో "హలో, వినిపిస్తోందా" అనడానికి కుదరదు.